చదరంగపు గళ్లు – పావులూరి మల్లన లెక్క



గత కార్తిక మాసమున షామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతముల దేవాలయములలో మా ఉపన్యాసములు జరుగుచుండగా, ఒకనాటి సాయంకాలము హారతి ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు మా యొద్దకు వచ్చి, కొంగుముడి విప్పి, మడతలు పెట్టిన ఒక కాగితమును మా చేతికిచ్చినది. కాగితము పైభాగమున శ్రీ వేంకటేశ్వరస్వామి వారి పటము ముద్రింపబడియున్నది. దాని క్రింద ఒక పథకము. చేరువారు కొంత పైకము చెల్లింపవలెను. పిదప తలకొక ఇద్దరిని చేర్పవలెను. ఆ ఇద్దరును చెరి ఇద్దరిని చేర్పవలెను. ఇట్లు క్రింద వరుసలు పెరిగిన కొలది పైవారికి ధనము వచ్చుచుండునట. "అయ్యగారూ, దేవుని బొమ్మ ఉన్నది గదా, చేరకుంటే తప్పయితదా? పైసలు మునుగుతయని మా కొడుకు అంటున్నడు" అని ఆమె అడిగినది. అవుటర్ రింగు రోడ్డు దాపున కొంత భూమి అమ్మగా వచ్చిన సొమ్ము ఆమె యొద్ద కలదు.

దేవుని పటము ముద్రించినంత మాత్రమున అది దేవుని ఆజ్ఞ కాజాలదని ఆమెకు అప్పుడే చెప్పితిమి. కాని కొడుకు మాట నిజమా కాదా అన్నది నోటిమాటతో తేలునది కాదు. అది లెక్క. ఆ లెక్కను వెయ్యేండ్ల నాడే మన తెలుగువాడొకడు పద్యమున పెట్టినాడు. ఆ కథయే నేటి మా ప్రసంగ విషయము.

చదరంగపు కథ మీలో అనేకులు విన్నదే. ఆటను కనిపెట్టిన పండితుని మెచ్చి రాజు వరము కోరుకొమ్మనెను. పండితుడు మణిమాన్యములు కోరలేదు. పలకపై మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు 64 గళ్లకు సరిపడు గింజలను ఇప్పింపుమనెను. ఇంతేనా అని రాజు నవ్వెను. కోశాధికారి మాత్రము లెక్కకు కూర్చుండి లేవలేదు. ఈ కథను అరబ్బుల గ్రంథములలో సిస్సా అను పండితునికి అంటగట్టిరి. 13వ శతాబ్దపు ఇబ్న్ ఖల్లికాన్ తన జీవితచరిత్రల గ్రంథమున దీనిని చెప్పినాడు. చతురంగము మాత్రము మన దేశపు ఆట. 7వ శతాబ్దమున బాణభట్టుడు హర్షచరితమున దానిని పేర్కొనినాడు.

భక్తులకు ఇంతకంటె రుచించు కథ కేరళమున కలదు. అంబలప్పుళలోని శ్రీకృష్ణ దేవాలయపు పాలపాయసమును గూర్చి మీరు వినియుందురు. ఆ ఊరి రాజునకు చదరంగమన్న వ్యసనము. శ్రీకృష్ణుడు ఒక ముని వేషమున వచ్చి రాజుతో పందెము వేసి, గెలిచినచో గడికి గడికి రెట్టింపు బియ్యము ఇమ్మనెనట. రాజు ఓడిపోయెను. కొలిచి పోయుట మొదలిడినాడు. కొన్ని గళ్లకే కొట్టములు ఖాళీయయ్యెను. అప్పుడు స్వామి నిజరూపమున సాక్షాత్కరించి, బాకీ ఒక్కసారిగా తీర్చనక్కరలేదనియు, దినదినము పాయసము చేసి భక్తులకు పంచుచు తీర్చుమనియు సెలవిచ్చెనని స్థలపురాణము. ఆ బాకీ ఇంకను తీరలేదు కనుకనే నేటికిని పాయసము పంచబడుచున్నదని అచ్చటివారు చెప్పుదురు. లోకమున అప్పులవాడు అప్పు పెరుగుచున్నదని ఏడ్చును. అంబలప్పుళ అప్పు మాత్రము తీరకుండుటయే అందరికిని లాభము!

ఇక మన తెలుగువాని మాట. నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప మొదలిడిన కాలము రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు పాలించిన 11వ శతాబ్దము. తెలుగున గ్రంథరచన మొలకెత్తిన ఆ దినములకు దరిదాపులలోనే పావులూరి మల్లన గణితశాస్త్రమును తెలుగు పద్యములలో వ్రాసినాడు. దానినే లోకము పావులూరి గణితమని పిలిచినది. ఇతడు రాజరాజు కాలమువాడే యని కొందరును, ఆ కాలపు మల్లనకు మనుమడైన మరియొక మల్లన యని కొందరును వాదించిరి. ఆ వాదము పండితులకు విడిచిపెట్టుదము. మనకు కావలసినది ఇది: కావ్యభాషగా తెలుగు ఇంకను తప్పటడుగులు వేయుచున్న దినములలోనే కూడికలు, భిన్నములు, క్షేత్రఫలములు చెప్పగల భాషగా కూడ అది నిలిచినది. ఆదికవిని గూర్చి ఎంత గర్వింతుమో ఈ గణితకవిని గూర్చియు అంత గర్వింపవలసినదే. మన పాఠశాలలలో ఆయన పేరు వినబడుట అరుదు.

మల్లన ఆధారముగా గైకొనినది మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుడు జైనుడు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, 9వ శతాబ్దమున, సంస్కృతమున ఆ గ్రంథమును రచించెను. అందు అనేకమైన లెక్కలు జినాలయములు, జిన పూజలు, పుష్పములతో నిండియుండును. మల్లన శివభక్తుడు. ఆయన తెనిగించునపుడు లెక్కలోని జినుని స్థానమున శివుని నిలిపినాడు. పూవులు అవే, కూడిక అదే, పూజలందుకొను దైవము మాత్రము మారినాడు. దీనిని మతద్వేషముగా మేము తలపము. జైనాచార్యుని శాస్త్రమును శిరసావహించి, తన ఇంటివారికి తెలియు మాటలలో చెప్పుటయే ఆయన ఉద్దేశ్యము. గణితమునకు మతము లేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

మల్లనదిగా ప్రసిద్ధిగాంచిన ఒక చంపకమాల పద్యమున ఈ చదరంగపు గళ్ల మొత్తము చెప్పబడినది. పూర్వము వీథిబడులలో పిల్లలచేత దానిని కంఠస్థము చేయించెడివారు. అందులో అంకెలు అంకెలుగా ఉండవు, వస్తువుల పేర్లుగా ఉండును. దీనికి భూతసంఖ్యలని పేరు. ఆకాశమన్న సున్న. చంద్రుడన్న ఒకటి. అగ్నులు మూడు గనుక అగ్ని యన్న మూడు. వేదములును, సముద్రములును, బ్రహ్మదేవుని ముఖములును నాలుగు. మన్మథుని బాణములు ఐదు. తర్కములు ఆరు. కులపర్వతములు ఏడు. దిగ్గజములు ఎనిమిది. శరీరమున రంధ్రములు తొమ్మిది. ఇట్టి పేర్లను ఛందస్సునకు సరిపడునట్లు కూర్చి, అంకెలను కుడినుండి ఎడమకు పేర్చుకొనవలెనను నియమము ననుసరించి చదివినచో వచ్చు సంఖ్య ఇది:

1,84,46,74,40,73,70,95,51,615.

మొత్తము ఇరువది అంకెలు. కోట్ల లెక్కన చెప్పవలెనన్న 1,84,467 కోట్ల కోట్లకు పైచిలుకు. ఇందులో నాలుగు అను అంకె నాలుగుసార్లు వచ్చినది. కవి రెండుసార్లు సముద్రమును, ఒకసారి వేదమును, ఒకసారి బ్రహ్మముఖమును వాడుకొనినాడు. రెట్టింపుల వలననే పుట్టిన ఈ సంఖ్యలో వెదకి చూచినను రెండు అను అంకె ఒక్కటియు లేదు. మాకు ఈ సంగతి చాల వింతగా తోచినది. బడిలో చదువు పిల్లలున్న తల్లిదండ్రులు ఇంటికి వెళ్లిన పిమ్మట వారికి ఒక కాగితమిచ్చి ఈ రెట్టింపులను వేయించి చూడుడు. అరువది నాలుగవ గడి చేరులోపల ఎచ్చటనో ఒకచోట తప్పు దొర్లక మానదు. వెయ్యేండ్ల నాటి పద్యమున తప్పు లేదు.

మల్లనకు కొంచెము ముందుగా, 1000వ సంవత్సర ప్రాంతమున, మధ్య ఆసియాకు చెందిన అల్‌బిరూనీ అను మహాపండితుడు అరబ్బీ భాషలో ప్రాచీన జాతుల కాలగణనమును గూర్చి వ్రాసిన గ్రంథమున ఈ సంఖ్యనే ఇచ్చినాడు. ఒక్క అంకెయు తేడా లేదు. ఒకడు గోదావరీ తీరపు తెలుగుదేశమునకు చెందినవాడు, మరియొకడు ఖ్వారెజ్ము ఎడారి అంచులవాడు. ఒకరి నొకరు ఎరుగరు. లెక్క సరియైనదైనపుడు అది ఎవరు చేసినను ఒక్కటే వచ్చును.

ఇంతకును ఈ సంఖ్య ఎంత పెద్దది? బియ్యపు గింజలు గ్రామునకు సుమారు ఏబది తూగును అనుకొందము. పదియవ గడిలో 512 గింజలు, అనగా పది గ్రాములు. చిటికెడు అక్షతలు! ఇరువది ఒకటవ గడిలో 10,48,576 గింజలు, సుమారు 21 కిలోలు. అదియును ఒక చిన్న సంచియే. పలకలో సరిగా సగము, అనగా ముప్పది రెండు గళ్లు నిండునప్పటికి మొత్తము 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది కావలెను. ఇదియును రాజు ఇయ్యలేనిది కాదు. మన పల్లెలలో నలుగురు పెద్ద రైతులు కలిసినచో తూచి ఇయ్యగలరు. సగము పలక దాటువరకు రాజు నవ్వుటకు కారణము కలదని గ్రహింపుడు. అతడు మూర్ఖుడు కాడు. అప్పటివరకు అతని కంటికి కనబడినదంతయు అతడు భరింపగలిగినదే.

ముప్పది మూడవ గడి ఒక్కటియే, అంతవరకు పోసిన దానితో సమానముగా మరల 86 టన్నులు కోరును. నలువది ఒకటవ గడికి దాదాపు 22 వేల టన్నులు. అరువది నాలుగు గళ్లును నిండునప్పటికి సుమారు 36,900 కోట్ల టన్నులు. నేడు ప్రపంచమంతట ఏటేట పండు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము మించి యుండును. ఆ లెక్కన లోకమంతయు ఒక్క మెతుకైనను తినక ఏడు వందల ఏండ్లు పండించి పోయవలెను. మేడ్చల్ మీదుగా నాగపూరునకు పోవు జాతీయ రహదారిపై నిత్యము బారులు తీరిన లారీలను మీరు చూచుచునే యున్నారు. ఈ బియ్యమును పది టన్నుల లారీలకెత్తి, పది మీటర్లకొక లారీ చొప్పున ఒకదాని వెనుక ఒకటి నిలిపినచో ఆ బారు 36 కోట్ల కిలోమీటర్లకు మించును. భూమినుండి సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. మేడ్చల్ చౌరస్తాలో మొదలైన బారు సూర్యునివరకు పోయి, తిరిగి వచ్చి, మరల దాదాపు సగము దూరము పోవును.

అరువది నాలుగుసార్లు రెట్టింపు వేయుటకు మన పూర్వులు కూర్చుండి కష్టపడిరని తలపకుడు. వారికి దగ్గరి దారి తెలియును. ఆ దారి మల్లనకంటె ఎన్నో శతాబ్దములు పూర్వుడైన పింగళాచార్యుని ఛందశ్శాస్త్రమున కలదు. గణితమేల ఛందస్సున వచ్చినది? ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను. ఒక అక్షరమునకు రెండు విధములు. రెండు అక్షరములకు నాలుగు. మూడింటికి ఎనిమిది. అందుకే మనకు మగణము మొదలు నగణము వరకు ఎనిమిది గణములు. అక్షరము పెరిగినపుడెల్ల వృత్తముల సంఖ్య రెట్టింపగును. ఇది చదరంగపు గళ్ల లెక్కయే. పేరు మాత్రము వేరు.

ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములు. ఇరువది అక్షరములకు ఎన్ని వృత్తములు పుట్టును? పింగళుని ఉపాయము ఇట్లుండును. ఇరువదిని సగము చేయుము, పది. మరల సగము, ఐదు. ఐదు బేసి గనుక ఒకటి తీసివేయుము, నాలుగు. సగము, రెండు. సగము, ఒకటి. ఒకటి తీసివేయగా సున్న. ఇప్పుడు వచ్చిన దారినే వెనుకకు నడువుము. ఒకటితో మొదలిడి, ఒకటి తీసివేసినచోట రెట్టింపుము, సగము చేసినచోట ఆ సంఖ్యను దానితోనే గుణింపుము. రెండు, నాలుగు, పదునారు, ముప్పది రెండు, 1,024, చివరకు 10,48,576. ఆరు మెట్లలో ముగిసినది. మహావీరాచార్యుడును గుణోత్తర శ్రేఢులకు ఈ మార్గమునే చెప్పినాడు. అరువది నాలుగు గళ్లకైనచో ఇంకను సులభము. రెండును దానితో గుణింపగా నాలుగు, నాలుగును దానితో గుణింపగా పదునారు, తరువాత 256, 65,536, 429 కోట్ల పైచిలుకు, ఆరవసారికి ఇరువది అంకెల సంఖ్య. ఆ వచ్చిన దానినుండి ఒకటి తీసివేసినచో గళ్ల మొత్తము.

ఆ పది లక్షల పైచిలుకు వృత్తములలో ఉత్పలమాల 3,55,799వది. పందొమ్మిది అక్షరముల వృత్తములు 5,24,288. అందు శార్దూలము 1,49,337వది. ఇరువది ఒక్క అక్షరముల వృత్తములు 20,97,152. అందు చంపకమాల 7,11,600వది. లక్షణ గ్రంథములలో ఈ సంఖ్యలు చూచి మేము మొదట నమ్మక, గురులఘువులు వేసి లెక్కించితిమి. సరిగానే యున్నవి. పోతన భాగవతములోని గజేంద్రమోక్షమును మీరు కన్నులు మూసికొని చదువుకొనునపుడు, ఇన్ని లక్షల నడకలలో నుండి మన కవులు ఏరికొనిన ఆ నాలుగైదు నడకలే మీ నాలుకపై ఆడుచున్నవి. తక్కిన లక్షలను ఎవ్వరును వాడలేదు. వాడరు కూడ.

ఇప్పుడు ఆ వృద్ధురాలి కాగితమునకు వత్తము. దానికి కీలకము మల్లన పద్యపు చివరి అంకెలోనే యున్నది. అరువది నాలుగు గళ్ల తరువాత అరువది ఐదవ గడి యున్నచో అందు పోయవలసిన గింజలు, తుదిని 616 గల సంఖ్య. అరువది నాలుగు గళ్ల మొత్తము, తుదిని 615. ఒక్కటే తక్కువ. ఏ గడిని చూచినను ఇదియే నియమము. ఐదవ గడిలో 16 గింజలు, దానికి ముందరి నాలుగు గళ్లలో కలిపి 15. పదకొండవ గడిలో 1,024, ముందరి పదింటిలో 1,023. అనగా క్రొత్త గడి ఎప్పుడును తనకు ముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె ఒకటి ఎక్కువ.

గింజల స్థానమున మనుష్యులను నిలుపుడు. మొదటి వరుసన ఒకడు, రెండవ వరుసన ఇద్దరు, మూడవ వరుసన నలుగురు. వారమునకొక వరుస చేరుచున్నదనుకొందము. 2016లో ఏర్పడిన మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా పరిధిలో 2011 జనాభా లెక్కల ప్రకారము సుమారు 24 లక్షల 40 వేల మంది యుండిరి. ఇరువది ఒకటవ వరుస నిండునప్పటికి మొత్తము 20,97,151 మంది చేరియుందురు. ఐదు మాసములు కూడ పట్టలేదు. ఇరువది రెండవ వరుసకు 20,97,152 మంది కావలెను. జిల్లాలో మిగిలినవారు మూడున్నర లక్షల లోపు, ఉయ్యాలలోని పసిబిడ్డలతో సహా. పోనీ, ఊరు దాటి, దేశము దాటి లోకమంతట చేర్పించిరనుకొందము. ముప్పది మూడు వరుసలకు 858 కోట్ల మంది కావలెను. 2022 నవంబరునకు భూమిపై మనుష్యులు 800 కోట్లు. ముప్పది మూడు వారములకు ప్రపంచమున క్రొత్తవాడు మిగులడు.

వరుస ఎచ్చట ఆగినను, ఆగిన నాడు చివరి వరుసలోనివారు పైవారందరికంటె ఒకరు ఎక్కువ. వారికి క్రింద ఎవ్వరును లేరు. వారు కట్టిన పైకము పైకి పోయినది, క్రిందినుండి రాదు. అనగా చేరినవారిలో సగమునకు పైగా నష్టపడుట ఎవరి దురదృష్టమో, సోమరితనమో కాదు. పథకమున వరుసలు నిండినంతవరకు అది తప్పనిది. పెట్టిన పైకము తిరిగి వచ్చుటకు తన క్రింద రెండు వరుసలు నిండవలెనను నియమమున్నచో నష్టపడువారు నూటికి డెబ్బది ఐదుగురు. మొదట చేరినవారు లాభము పొందిన మాట నిజమే. వారిని చూపియే తక్కినవారిని చేర్పింతురు. సగము పలకవరకు రాజు నవ్వినట్లే! ఇట్టి గొలుసు పథకములను భారత ప్రభుత్వము 1978లోనే ప్రత్యేక చట్టముచే నిషేధించినది. పేర్లు మార్చుకొని, నడుమ ఏదో ఒక సరకును నిలుపుకొని అవి మరల మరల వచ్చుచునే యున్నవి.

మా చిన్నతనమున ఇంకొక విధమైన గొలుసు వచ్చెడిది. ఒక పోస్టుకార్డు. ఫలానా క్షేత్రమున స్వామి సర్పరూపమున కనబడెననియు, ఈ ఉత్తరము అందినవారు మరికొన్ని ప్రతులు వ్రాసి పంపవలెననియు, పంపినవారికి లాటరీ తగిలెననియు, చింపివేసినవానికి కీడు మూడెననియు అందుండెడిది. మా ఇంటిలో భయపడి రాత్రి దీపము ముందు కూర్చుండి వ్రాసినవారు కలరు. నేడు అదియే సెల్‌ఫోనులలో తిరుగుచున్నది. భగవంతుడు తన భక్తులను భయపెట్టి ప్రతులు తీయించుకొనునని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ధర్మశాస్త్రము ఈ రెట్టింపును గూర్చి ఏమి చెప్పినదో చూతము. మా ముఖ్య విషయము ఇదియే. తెలంగాణ పల్లెలలో నాగు అను మాట పెద్దలకు తెలియును. విత్తులకో తిండికో గింజలు అప్పు తెచ్చుకొని, పంట చేతికి వచ్చిన పిదప గింజల రూపముననే వడ్డీతో కొలుచుట. ఒకటికి ఒకటిన్నర కొలిచినవారును, ఒకటికి రెండు కొలిచినవారును కలరు. పంట పండినయెడల కొలుచును. ఎండిపోయిన ఏడు? వడ్డీ అసలుతో చేరును. పుట్టికి పుట్టి వడ్డీగా పెరిగినచో ఐదు పంటలకు ముప్పది రెండు పుట్లు, పది పంటలకు 1,024 పుట్లు. ఒకటిన్నర లెక్కన పెరిగినను పది పంటలకు ఏబది ఏడు పుట్లు దాటును. ఏ రైతు తీర్చగలడు? భూమి పోయెడిది, లేదా కొడుకు జీతమునకు కుదిరెడివాడు. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున సాగిన రైతాంగ పోరాటమునకు దారితీసిన కష్టములలో ఈ వడ్డీల భారమొకటి.

మనుస్మృతి, ఒక్క పర్యాయముగా పుచ్చుకొను వడ్డీ, అసలుతో కలిపి రెట్టింపునకు మించరాదని విధించినది. ధాన్యము మొదలగు వానికి ఐదు రెట్లు హద్దు. యాజ్ఞవల్క్యుడు ఇంకను తగ్గించి బంగారమునకు రెండు, ధాన్యమునకు మూడు, వస్త్రములకు నాలుగు రెట్లు హద్దుగా చెప్పినాడు. ఎన్ని ఏండ్లు గడచినను సరే, అచ్చటితో ఆగవలెను. ఆంగ్లేయుల కాలమున బొంబాయి, కలకత్తా న్యాయస్థానములు సైతము హిందువుల అప్పుల విషయమున దామ్‌దుపట్ అను పేర ఈ రెట్టింపు హద్దును పాటించినవి. చదరంగపు పలకకు రెండవ గడితోనే గీత గీసిన శాస్త్రమన్నమాట.

అయినను నిజము దాచరాదు. అదే మనుస్మృతిలో, బాకీ తీర్చలేనివాడు క్రొత్త పత్రము వ్రాసి ఇయ్యవచ్చుననియు, అప్పటివరకు అయిన వడ్డీని ఆ పత్రమున చేర్పవచ్చుననియు కూడ కలదు. అప్పులవానిపై దయతో పెట్టిన ఈ సడలింపే షావుకారునకు సందు అయినది. ఏటేట క్రొత్త పత్రము వ్రాయించుకొనినచో హద్దు కాగితముమీద నిలుచును, అప్పు మాత్రము గడి గడి దాటిపోవును. హద్దు పెట్టిన ఋషికి లెక్క తెలియును. సందు వెదకిన వానికి అంతకంటె బాగుగా తెలియును!

రెట్టింపు అన్ని చోట్లను కీడే యని మా అభిప్రాయము కాదు. రాత్రి గోరువెచ్చని పాలలో మీరు వేయు మజ్జిగ తోడు చెంచాడు. అందలి సూక్ష్మజీవులు అనుకూలమైన వెచ్చదనమున మరల మరల రెట్టింపగుచు తెల్లవారునప్పటికి కుండెడు పాలను పెరుగు చేయును. పులుపు పెరిగిన కొలది వాటి పెరుగుదల తానే మందగించును. ప్రకృతిలో హద్దు లోపలనే యుండును. 2020లో మహమ్మారి వచ్చినపుడు రోగుల సంఖ్య ఎన్ని దినములకు రెట్టింపగుచున్నదని వార్తాపత్రికలు దినదినము వ్రాయగా మనమందరము గుండెలు చేతబట్టుకొని చదివితిమి. ఆ వ్యాధికి టీకాలలో ఒకటైన కోవాగ్జిన్ మన షామీర్‌పేట దాపుననున్న తుర్కపల్లిలోని భారత్ బయోటెక్ సంస్థయందే తయారై, 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందినది. ఆ టీకాకై వైరసును జీవకణములలో పెంచి, పెరిగిన పిమ్మట నిర్జీవము గావింతురు. పెరుగుదలతో వచ్చిన ఆపదకు పెరుగుదలనే పనిముట్టుగా వాడుకొనిరి.

ఇంకొక రెట్టింపు మన వెనుక కలదు. తల్లిదండ్రులు ఇద్దరు, వారి తల్లిదండ్రులు నలుగురు, వారికి పైన ఎనమండుగురు. తర్పణమున మనము మూడు తరముల పేర్లు చెప్పుకొందుము. తరమునకు పాతికేండ్ల చొప్పున ముప్పది తరములు వెనుకకు పోయినచో ఏడువందల ఏబది ఏండ్లు, కాకతి రుద్రమదేవి కాలము. అచ్చటికి చేరునప్పటికి ఒక్కొక్కరికి 107 కోట్ల మంది పూర్వులుండవలెను. ఆనాడు భూలోకమంతటను అందులో సగము మందియైనను లేరు. ఇది ఎట్లు పొసగును? ఒకరే అనేక శాఖలలో మనకు పూర్వులగుదురు, మీ పూర్వులే మా పూర్వులు నగుదురు. పొసగుటకు వేరొక మార్గము లేదు.

మరుసటి వారము ఉపన్యాసమునకు ఆ వృద్ధురాలు మనుమనితోను, కొడుకుతోను వచ్చినది. పిల్లలు ఒక చదరంగపు పలకను తెచ్చి మండపమున పరచిరి. ఒక పళ్లెములో బియ్యము పోసికొని, మొదటి గడి మొదలు లెక్కించి పెట్టుట ప్రారంభించిరి. పదియవ గడివరకు చేతితో ఎంచిరి. ఎనిమిదవ గడికే గింజలు గీత దాటి ప్రక్క గడిలోనికి జారుచుండెను. పదకొండవ గడినుండి త్రాసు తెప్పించి తూచిరి. పదునారవ గడికి 655 గ్రాములు. పలక మొత్తము బియ్యముతో మూసికొనిపోయినది. గళ్లే కనబడలేదు. ఇంకను నలువది ఎనిమిది గళ్లు మిగిలియున్నవని మనుమడు ఎంచి చెప్పగా ఆమె నోట చేయి పెట్టుకొని, కాగితమును కొడుకు చేతికిచ్చి వేసినది. పలకమీది బియ్యమును ఎత్తి తూచితిమి. పదునారు గళ్లకును కలిపి కిలో మున్నూరు గ్రాములు. అర్చకులు దానిని కడిగి నాటి దద్ధ్యోదన నైవేద్యమునకు వండించిరి.